మార్వెన్ చక్రం కింద ఇటుక

ఆ రోజు పొద్దున్నుంచీ జరగాల్సినవన్నీ ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితంలో ఉన్నాయి. కోడలి చేతిరాత. ఏడింటికి నేల తుడవడం, ఎనిమిదింటికి బొమ్మలు కడిగి ఎండలో పెట్టడం, తొమ్మిదింటికి డబ్బా, పదింటికి ఇన్‌స్పెక్టరమ్మ. పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని ఆ కాగితం ముందు నిలబడి మూడో వరుసనే మూడుసార్లు చదువుకున్నాడు. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. తొమ్మిది ఎంత దగ్గర్లో ఉందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

డబ్బా అంటే ఆయన కారు. సందులో అందరూ అలాగే అనేవారు గానీ దానికీ ఓ పేరుంది, మార్వెన్. ఇప్పుడా పేరు చెబితే మెకానిక్కులు కూడా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. చేసిన కంపెనీ నాలుగేళ్ళు నడిచి మూతపడింది. కారణం పెద్దదేమీ కాదు, దాని మొహం. ఎదురుగా నిలబడి చూస్తే తుమ్మబోయి ఆగిపోయిన మనిషిలా ఉండేది. అంతే, జనం మొహం తిప్పుకున్నారు. ఇంజను చూసినవాడు లేడు, రేకు మందం తట్టి చూసినవాడు లేడు. ఇరుకు సందులో బొంగరంలా ఉన్నచోటే తిరుగుతుందని, తనకంటే రెండింతల బండిని కూడా ఉఫ్‌మనకుండా లాక్కుపోతుందని తెలిసినవాడు ఈ ఊరికంతటికీ ఈయనొక్కడే.

దానికి కొన్ని అలవాట్లు లేకపోలేదు. ముందు సీటు ఎదురుగా ఉన్న చిన్న అర తలుపు తెరిచిపెడితే తప్ప స్టార్టయ్యేది కాదు. లోపల ఏ తీగ ఎక్కడ తగులుతుందో పెద్దాయనకి తెలుసు, కానీ దాని అలవాటు దానిదని వదిలేశాడు. నంబరు ప్లేటు తుప్పుపట్టి రాలిపోయింది. హ్యాండ్ బ్రేకు పనిచేయక పన్నెండేళ్ళు. ఇల్లేమో వాలు సందుకి పైకొసన ఉంది. అందుకని బండి ఆపగానే దిగి వెనక చక్రం కింద ఇటుక పెట్టేవాడు. భోజనానికి ముందు చెయ్యి కడుక్కున్నట్టు, ఆలోచించకుండా చేసే పని అది. రంగు గోధుమరంగు. వేయగా మిగిలిన రంగుని పారెయ్యబుద్ధికాక తన గదిలోని ఇనప బీరువాకి కూడా వేశాడు. ఆ బీరువా నిండా గడియారాల ముళ్ళు, స్ప్రింగులు, పళ్ళచక్రాలు.

కోడలు చెడ్డమనిషి కాదు. అదే ఆయన బాధ. పనులకెళ్ళే తల్లుల పిల్లల్ని చూసుకునే క్రెష్ పెట్టాలని ఎనిమిది నెలలుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. పన్నెండుమంది తల్లులు పేర్లిచ్చారు. అందులో ఒక నర్సు, డ్యూటీకి పోతూ పోతూ రోజూ గుమ్మం దగ్గర ఆగి, ఎప్పుడు తెరుస్తారక్కా అని అడుగుతోంది. మొదటిసారి తనిఖీకి వచ్చినప్పుడు ఇన్‌స్పెక్టరమ్మ అన్నిటికీ టిక్కులు పెట్టి ఒక్కచోట కొట్టేసింది. ఇంటి ముందు పనికిరాని వాహనం, పిల్లలకి ప్రమాదం. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే మళ్ళీ ఏడాదికి గానీ దరఖాస్తు తీసుకోరు.

"మామయ్యగారూ, దాన్ని తీసెయ్యక తప్పేట్టు లేదు" అంది కోడలు ఓ రోజు, ఆయన మొహంలోకి చూడలేక పప్పు గిన్నెలోకి చూస్తూ. ఆయన తలూపాడు. దుకాణంలో ఎవరైనా ఆగిపోయిన గడియారం తెచ్చి ఇది నడుస్తుందా అనడిగితే కూడా ఆయన ఇలాగే తలూపేవాడు. దాని అర్థం చూద్దామని. కోడలు సరేనన్నాడనుకుంది.

తుక్కు యార్డుకి ఫోన్ చేస్తే అక్కడి ఆవిడ మోడలేంటని అడిగింది. మార్వెన్ అంటే అలాంటిది తన లిస్టులోనే లేదంది. అప్పుడు కోడలు గుర్తులు చెప్పింది. గోధుమరంగు కారు, నంబరు ప్లేటు ఉండదు, మా మెట్ల ముందే ఆగి ఉంటుంది, ఈ సందులో అలాంటిది ఇంకోటి లేదు. ఆ మాట చెప్పిన రోజున ప్రతి అక్షరం నిజమే.

ఎనిమిదింటికి కోడలు పెరట్లో బొమ్మలు కడుగుతుండగా పెద్దాయన చప్పుడు చెయ్యకుండా ఇటుక తీసి పక్కన పెట్టి, వాలు మీద మార్వెన్‌ని అలా జారనిచ్చి, కిందకొసకి వెళ్ళాక స్టార్ట్ చేసుకుని, నాలుగు వీధుల అవతల తన చిన్ననాటి స్నేహితుడి లాండ్రీ వెనక షెడ్డులో పెట్టేశాడు. లాండ్రీ ఆయన ఇస్త్రీ ఆపకుండానే, ఎన్నాళ్ళురా అనడిగాడు. నేను పోయేదాకా అన్నాడు పెద్దాయన. అయితే తలుపుకి అడ్డం లేకుండా పెట్టు అన్నాడు లాండ్రీ ఆయన.

నడుచుకుంటూ ఇంటికొచ్చి, "వాళ్ళు ముందే వచ్చారమ్మా. తీసుకెళ్ళిపోయారు" అన్నాడు.

కోడలు చేతిలో తడి బొమ్మ అలాగే ఉండిపోయింది. తనని కూడా పిలవకుండా ఒక్కడే సాగనంపాడా అని ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికెళ్ళి, అడక్కుండానే ఆయనకి రెండో టీ పెట్టి తెచ్చింది, రెండు చెంచాల పంచదారతో. డాక్టరు వద్దన్న పంచదార. పెద్దాయన ఆ టీ తాగలేకా, పారబొయ్యలేకా నానా అవస్థా పడ్డాడు.

కోడలు అటు వెళ్ళగానే ఫ్రిజ్ మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసి, లారీ రానక్కర్లేదని చెప్పాడు. యార్డు ఆవిడ, లారీ ఎప్పుడో బయల్దేరిందనీ, డ్రైవరు బండి మీదుండగా ఫోను తియ్యడనీ, వెళ్ళినచోట కారు లేకపోతే వాళ్ళే తిరిగొస్తారనీ, దానికింత కంగారేమిటనీ అంది. అదీ నిజమే అనిపించింది. అయినా మనసు ఊరుకోక, లారీని మలుపులోనే ఆపి పంపించేద్దామని సందు చివర వరకూ దిగి నిలబడ్డాడు.

లారీ రాలేదు. తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా ఒక కారు వచ్చింది. కొత్తది, పెద్దది, అద్దంలా మెరుస్తున్నది. ఆయన పక్కనుంచే వాలు ఎక్కి తిన్నగా వెళ్ళి, మార్వెన్ ఖాళీ చేసిన చోటే, కోడలి మెట్ల ముందు ఆగింది. ఫైలు చంకలో పెట్టుకుని ఇన్‌స్పెక్టరమ్మ దిగింది. చెప్పిన టైముకి గంట ముందు రావడం ఆవిడ పద్ధతి, అలా వస్తేనే ఇళ్ళ అసలు రంగు బయటపడుతుందని ఆవిడ నమ్మకం.

ఇళ్ళ రంగు సంగతి ఎలా ఉన్నా, పెద్దాయనకి ఆ కారు రంగు కంటబడింది. గోధుమరంగు. వెనక చూశాడు, నంబరు ప్లేటు లేదు. కొని మూడు రోజులు కాలేదు, ఇంకా బిగించలేదు. ఆయన గుండె ఒక్క టిక్కు తప్పింది.

వాలు ఎక్కేసరికి ఆయాసం తన్నుకొచ్చింది. కోడలు గుమ్మంలో నిలబడి ఆవిణ్ణి లోపలికి పిలుస్తోంది. "అమ్మా, కారు కాస్త పక్కకి..." అన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ వెనక్కి తిరిగి, "ఎందుకండీ?" అంది.

ఎందుకని చెబుతాడు. తుక్కు లారీ వస్తోందని చెప్పాలి. లారీ వచ్చి వెళ్ళిపోయిందని అరగంట క్రితం ఎవరికి చెప్పాడో ఆ మనిషి ఎదురుగానే నిలబడి ఉంది. "ఎండ పడుతుందనీ" అన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ ఆకాశం వంక చూసింది. మబ్బు పట్టి ఉంది. ఇంట్లో ఉండే వాళ్ళందరితో విడివిడిగా మాట్లాడాలి, ముందు మీరే రండి అని ఆయన్నే కూర్చోబెట్టింది.

ఆవిడ కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. ఆయనకి ఆవిడ తల, తల మీదుగా కిటికీ, కిటికీలోంచి గోధుమరంగు కప్పు కనిపిస్తున్నాయి. ఆవిడ ఫారం చూస్తూ ఒక్కో ప్రశ్నా అడుగుతోంది. దగ్గుందా, చూపెలా ఉంది, పిల్లలంటే విసుగా. ఆయన చెవులు మాత్రం రోడ్డు మీదున్నాయి.

"అబద్ధాలు చెప్పే అలవాటుందా?" అంది ఆవిడ తలెత్తకుండా.

"పిల్లల దగ్గర లేదండి" అన్నాడు పెద్దాయన.

ఆవిడ కలం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. తర్వాత కోడల్ని పిలిచి పాత కారు సంగతి అడిగింది. "మామయ్యగారే స్వయంగా దగ్గరుండి అప్పగించారండి" అంది కోడలు గొప్పగా. "మంచిది. రసీదేదీ?" అంది ఆవిడ.

కోడలు మామగారి వంక చూసింది. మామగారు గోడ గడియారం వంక చూశాడు. అప్పుడు తలుపు తట్టారు. తుక్కు యార్డు చొక్కా వేసుకున్న మనిషి, చేతిలో కాగితాల అట్ట. కారు తాలూకు సంతకం పెట్టాలమ్మా అన్నాడు. కోడలికి దేవుడే దిగొచ్చినట్టయింది. పొద్దున తీసుకెళ్ళిన దానికి ఇప్పుడు రసీదు తెచ్చాడనుకుని చకచకా సంతకం పెట్టి, వాడిచ్చిన ముద్ర కాగితాన్ని రెండు చేతులతో ఇన్‌స్పెక్టరమ్మకి అందించింది. ఆవిడ దాన్ని ఫైల్లో గుచ్చి, పదండి, పెరడూ బాత్రూమూ చూద్దాం అని లేచింది.

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. బయట గొలుసు చప్పుడైంది. పెద్దాయన చెప్పులు వెతుక్కుని గుమ్మంలోకి వచ్చేసరికి, తుక్కు లారీ తన వీపు మీద కొత్త కారుని మోసుకుంటూ మలుపు తిరుగుతోంది. నేల మీద ఇటుక ఒక్కటీ మిగిలింది.

లోపల్నుంచి కోడలి గొంతు వినిపిస్తోంది. కుళాయి ఎత్తు ఎంతో, గచ్చు జారకుండా ఏం చేసిందో ఓపిగ్గా వివరిస్తోంది. ఇప్పుడు కేకేస్తే క్రెష్ పోయినట్టే. వెయ్యకపోతే కారు పోయినట్టే. పెద్దాయన వీధిలోకి దిగి, వయసు మర్చిపోయి పరుగెత్తాడు.

పరుగెడుతూనే యార్డుకి ఫోన్ చేసి, ఇప్పుడొచ్చే గోధుమరంగు కారుని నుజ్జుచేసే మిషన్లో వెయ్యొద్దన్నాడు. మోడలేంటండీ అంది ఆవిడ. మూతపడ్డ కంపెనీలన్నిటి కార్లూ చక్రాల బోల్టులతో సహా చెప్పగల మనిషికి ఇప్పటి కార్లలో ఒక్కదాని పేరూ రాదు. కొత్తది, పెద్దది, గోధుమరంగుది అన్నాడు. అలాంటివి యార్డులో ఏడున్నాయనీ, పదింటికి మిషను ఆన్ చేస్తారనీ చెప్పి ఆవిడ పెట్టేసింది.

షెడ్డులో లాండ్రీ ఆయన అప్పటికే మార్వెన్ వెనక సీటుని అలమరగా వాడేసుకుంటున్నాడు. దుప్పట్ల మూటలు కప్పుకి ఆనుకున్నాయి. తియ్యడానికి టైము లేదు. పెద్దాయన కూర్చుని తాళం తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ తిప్పాడు. మూడోసారికి అది దగ్గి ఊరుకుంది.

"అర తెరవ్వేంట్రా" అన్నాడు లాండ్రీ ఆయన పక్కన ఎక్కుతూ. ఆ కంగారులో పెద్దాయన ముప్ఫై ఏళ్ళ అలవాటు మర్చిపోయాడు. తెరిచాడు. మార్వెన్ లేచింది.

పెద్దరోడ్డు మీద బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఆ బారులో ఎక్కడో ముందు, లారీ మీద గోధుమరంగు కారు, ఊరేగుతున్నట్టు మెల్లగా పోతోంది. పక్కనుంచి వెళ్ళే దారి లేదు. మిగిలిందల్లా కూరగాయల సందు. అందులోంచి కారు పోవడం ఎవరూ చూడలేదు. పెద్దాయన మార్వెన్‌ని ఉన్నచోటే బొంగరంలా తిప్పి సందులోకి దూర్చాడు. అటు గోడకీ ఇటు గోడకీ మధ్య రెండేసి వేళ్ళ జాగా. బుట్టలవాళ్ళు గుమ్మాలెక్కి నిలబడి తిట్టారు. లాండ్రీ ఆయన కళ్ళు మూసుకుని, ఎడమ, కాదు కుడి, కాదు నీ ఇష్టం అంటూ దారి చెప్పాడు. ఒకచోట గోడకి వేలాడదీసిన చేట ఒకటి కిటికీలోంచి లోపలికొచ్చి ఒళ్ళో పడింది. గోడకి మాత్రం గీత పడలేదు.

యార్డు గేటు దగ్గరికొచ్చేసరికి పది కావడానికి మూడు నిమిషాలు. కాపలావాడు మార్వెన్‌ని ఎగాదిగా చూసి, ఏమీ అడక్కుండానే గేటు బార్లా తీసి, "తిన్నగా పోయి మిషను దగ్గర పెట్టండి" అన్నాడు. ఇంత మర్యాద దానికి ఏ గేటు దగ్గరా ఎప్పుడూ జరగలేదు.

లారీ అప్పుడే కారుని దించింది. మిషను పళ్ళకి నూనె పట్టించుకుని నోరు తెరుచుకుని ఉంది. పెద్దాయన మార్వెన్‌ని తీసుకెళ్ళి కొత్త కారుకీ మిషనుకీ మధ్య అడ్డంగా ఆపాడు. అలవాటు చొప్పున దిగి ఇటుక కోసం వెతుక్కున్నాడు కూడా.

యార్డు ఆవిడ కాగితాలతో వచ్చింది. విన్నది, నమ్మింది, నవ్వలేదు. పొరపాటు మీది, సంతకం మీది, రసీదు కూడా మీ చేతికే వెళ్ళిపోయింది అంది. "నా లెక్కలో గోధుమరంగుది ఒకటి రాసుంది. మధ్యాహ్నంలోగా గోధుమరంగు ఇనుము ఒకటి నాకు చూపించాలి. అది ఏదైతే నాకేం."

ఆవిడ చూపు మార్వెన్ మీద ఆగింది. పెద్దాయన కూడా దాని వంకే చూశాడు. తుమ్మబోయి ఆగిన ఆ మొహం ఎప్పట్లాగే ఉంది. ఇంట్లో కోడలు కుళాయిలు చూపిస్తూ ఉంటుంది. రోజూ గుమ్మం దగ్గర ఆగే ఆ నర్సు గుర్తొచ్చింది. జేబులోంచి తాళం తీసి ఆవిడ బల్ల మీద పెట్టాడు. లాండ్రీ ఆయన అటు తిరిగి దుప్పట్ల మూటలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"మరి ఈ కొత్తదాన్ని ఎలా తీసుకెళ్తారు?" అంది ఆవిడ. లారీ రెండో ట్రిప్పుకి వెళ్ళిపోయింది. కొత్త కారు తాళం ఇన్‌స్పెక్టరమ్మ సంచిలో ఉంది. లారీ మీద వచ్చిన మనిషి మాత్రం, హ్యాండ్ బ్రేకు వేసి లేదనీ, చక్రం ఓ ఇటుకకి ఆనుకుని ఆగి ఉందనీ, ఇటుక తీసి చెయ్యేస్తే కదిలిందనీ, అందుకే పారేసిన బండే అనుకున్నాననీ చెప్పాడు. యార్డులో లాగగలిగేది, వెనక కొక్కెం ఉన్నది, ఒకే ఒక్క బండి, మార్వెన్. ఆవిడ కాసేపు ఆలోచించి తాళం తిరిగి ఆయన చేతిలో పెట్టింది. పన్నెండింటికల్లా రావాలంది.

క్రేనుతో కొత్త కారు ముక్కు పైకెత్తి మార్వెన్ కొక్కేనికి కట్టారు. గీతలు పడకుండా మధ్యలో దుప్పట్లు కుక్కారు. మార్వెన్ ఒకసారి మూలిగి, తర్వాత మామూలుగా, అద్దెబండి గుర్రంలా నడిచింది. దారిలో కొత్త కార్లవాళ్ళు అద్దాలు దించి మరీ చూశారు. అది పుట్టి బుద్ధెరిగాక దాన్ని అంతమంది చూడడం అదే మొదలు.

వాలు ఎక్కి మెట్ల ముందుకి చేరేసరికి ఇన్‌స్పెక్టరమ్మ, కోడలు గుమ్మంలో ఉన్నారు. టేపు పెట్టి గదులన్నీ కొలిచి, కాగితాలన్నీ రాసుకుని అప్పుడే బయటికొచ్చినట్టున్నారు. ఖాళీ రోడ్డునీ, వస్తున్న రెండు బళ్ళనీ చూసి ఇద్దరూ కొయ్యబారిపోయారు. తుక్కుకి పోయిన కారు, రసీదున్న కారు, కొత్త కారుని ముక్కు పట్టుకుని లాక్కొస్తోంది.

పెద్దాయన దిగి ఇటుక పెట్టి, ఇక దాచి లాభం లేదని గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నేను చెప్పేది కాస్త..."

"ఈ వాలులో ఇటుక పెట్టకుండా ఎవరూ బండి ఆపరండీ. మీ దానికి హ్యాండ్ బ్రేకు కూడా వేసి లేదట" అన్నాడు లాండ్రీ ఆయన, మామూలుగా, దుప్పట్లు దులుపుకుంటూ.

ఇన్‌స్పెక్టరమ్మ మొహంలో రంగులు మారాయి. చెయ్యి నోటి మీదికి పోయింది. దిగేటప్పుడు బ్రేకు వేశానా అని ఆవిడ కళ్ళు అటూ ఇటూ వెతికాయి. వెయ్యలేదు. ఆ సంగతి ఆవిడకే గుర్తొచ్చింది.

"ఎంతదూరం జారిపోయిందండీ?" అంది పీలగా.

"చాలా దూరమే వెళ్ళిందమ్మా, కానీ అది..."

"పిల్లలెవరూ అడ్డం రాలేదుగా?"

"లేదమ్మా. అసలు జరిగిందేమిటంటే..."

"చెప్పకండి" అంది ఆవిడ. రెండు మెట్లు దిగొచ్చి గొంతు తగ్గించింది. "దయచేసి ఎక్కడా చెప్పకండి. పదిమందికి జాగ్రత్తలు చెప్పే ఉద్యోగం బాబాయ్ గారూ నాది. ఈ సంగతి ఆఫీసులో తెలిస్తే నా పరువేం కావాలి."

పెద్దాయన మూడోసారి కూడా నోరు తెరిచాడు. కోడలు ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఇటుక వంక చూసింది, కొక్కెం వంక చూసింది, మామగారి వంక చూసింది. అన్నీ అర్థమయ్యాయో లేదో గానీ ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇన్‌స్పెక్టరమ్మ అక్కడే, మార్వెన్ బానెట్ మీదే ఫైలు పరిచి, చివరి పేజీ తిప్పింది. అందులో ఒక గడి ఖాళీగా ఉంది. అత్యవసరానికి ఇంట్లో నడిచే వాహనం ఉందా. ఇందాక ఆ గడి దగ్గరే ఆవిడ కలం ఆగిందట, కోడలు తర్వాత చెప్పింది. ఇప్పుడు గట్టిగా టిక్కు పెట్టి, సంతకం చేసి, అనుమతి కాగితం కోడలి చేతిలో పెట్టి, కొక్కెం విప్పించుకుని కారెక్కింది. ఎక్కినవెంటనే హ్యాండ్ బ్రేకు ఒకసారి వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుంది.

ఆవిడ వెళ్ళాక పెద్దాయన జరిగింది జరిగినట్టు చెప్పాడు, తాళం బల్ల మీద పెట్టిన సంగతితో సహా. పన్నెండింటికల్లా మార్వెన్‌ని తీసుకెళ్ళాలన్నాడు. కోడలు అంతా విని, యార్డు ఆవిడ అన్న మాట అన్నట్టుగా మళ్ళీ ఒకసారి చెప్పమంది. తిన్నగా ఆయన గదిలోకి నడిచింది.

"మామయ్యగారూ, ఆ బీరువాలో స్ప్రింగులూ అవీ డబ్బాల్లోకి సర్దుకోండి" అంది లోపల్నుంచి. "పిల్లల మీద పడుతుందని నేను దాన్ని తీసెయ్యమని ఏడాదిగా అడుగుతున్నా. మీరు తలూపుతూనే ఉన్నారు."

మార్వెన్ నెత్తిన కట్టుకుని వెళ్ళిన గోధుమరంగు బీరువాని యార్డు ఆవిడ ఒకసారి చేత్తో తట్టి, ఇనుమేనని చూసుకుని, లెక్కలో గీత కొట్టేసింది. మర్నాడు ఫ్రిజ్ మీద కాగితంలో తొమ్మిదింటికి ఎదురుగా, డబ్బా కడగాలి అని ఉంది.

ఇన్‌స్పెక్టరమ్మ ఫైల్లో మాత్రం పన్నెండో పేజీ ప్రకారం ఆ కారు తుక్కయిపోయింది, పదమూడో పేజీ ప్రకారం అత్యవసరానికి సిద్ధంగా ఉంది. రెండు పేజీల కిందా సంతకం ఒకటే.